బొమ్మలో పట్టిన నాలుగో సాంచె

ఇంకా కట్టని ఇళ్ళను కట్టినట్టు చూపించడం నా పని. ఇరవై రెండేళ్ళు అదే చేశాను. జగిత్యాలలో నేర్చుకున్నాను, కోరుట్లలో దుకాణం పెట్టాను, సిరిసిల్ల నుంచి కూడా గిరాకీ వచ్చేది. బోర్డు మీద ‘ప్లాన్లు, త్రీడీ ఎలివేషన్లు’ అని ఉండేది. జనం మాత్రం బొమ్మల దుకాణం అనేవాళ్ళు. వాళ్ళ మాటే సరైనది.

పోయిన ఏడాది దుకాణం మూసేశాను. నాకు యాభై మూడేళ్ళు. ఇంత తొందరగా ఎందుకని అడిగినవాళ్ళకు మెడ నొప్పి అని చెప్పాను. మెడ నొప్పి నిజమే. కానీ అది పదేళ్ళుగా ఉంది, దానితోనే పని చేశాను.

ఈ మధ్య ఈ పని నేర్చుకుంటామని కొందరు నా దగ్గరికి వస్తున్నారు. కంప్యూటర్ నాకంటే వాళ్ళకే బాగా వచ్చు. నాలుగు ముక్కలు రాసి ఇస్తే ఇంటి బొమ్మ గీసి ఇచ్చే యాప్‌లు వాళ్ళ ఫోన్లలోనే ఉన్నాయి. నాకు నాలుగు రోజులు పట్టేది వాళ్ళకు నాలుగు నిమిషాల్లో వస్తోంది. ఇక వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర మిగిలినవి నేను చేసిన తప్పులే. అవి రాస్తున్నాను.

టేపు కొస

మాది బుగ్గారం. భూమి లేదు. మా నాన్న ఇళ్ళ పనుల్లో కూలీ. పదో తరగతి తరువాత నేను జగిత్యాలలో ఒక మేస్త్రీ దగ్గర టేపు కొస పట్టుకునే పనికి కుదిరాను. ఆయన అడుగులు, అంగుళాలు చెప్పేవాడు. ఆయన రాసుకునేలోపు నేను జవాబు చెప్పేవాణ్ణి. పదమూడు అడుగుల తొమ్మిది అంగుళాలు, పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు అనుకోండి. పదమూడు ముప్పావును పదకొండుతో గుణించి, ఆ పదమూడు ముప్పావులోనే మూడో వంతు తీసి కలిపితే చాలు. నూట యాభై ఆరుకు కాస్త తక్కువ. ఎవరూ నేర్పలేదు. టేపు చుడుతూ చుడుతూ నాకే దొరికిన దారి అది.

చాలా ఏళ్ళకు, నాకు ముప్పై దాటాక, ఆ లెక్కలు విని ప్లాన్లు గీసే ఒకాయన నన్ను తన ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆయన్ను మా సార్ అనే రాస్తాను. కంప్యూటర్ ముందు మొదట కూర్చోబెట్టింది ఆయనే. గోడలు, కిటికీలు గీయడం నాకు రెండు నెలల్లో వచ్చింది. ఆ తరువాత ఆయన బొమ్మ చేయడం నేర్పాడు.

మొదటి బొమ్మ తీసుకుపోయి చూపించాను. బీర్పూర్‌లో ఒక రైతు ఇల్లు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

“గిదేంది తమ్మీ, శ్మశానం లెక్కున్నది. మబ్బు పెట్టు. గడ్డి పెట్టు. ముంగట కారు పెట్టు.”

“ఆయనకు కారు లేదు సార్. బండే ఉన్నది.”

“లేదు గనుకనే పెట్టుమంటున్న.”

ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వి కారు పెట్టాను. ఆ రైతు బొమ్మ చూడగానే ముందు కారునే చూశాడు. మా సార్ నా వైపు కన్ను గీటాడు.

ఆయన చెడ్డవాడు కాదు. జీతం తారీఖు తప్పేది కాదు. నాకు అన్నం పెట్టిన పని ఆయన నేర్పిందే. కానీ నేను చూసినన్నాళ్ళు, బొమ్మ ఇచ్చిన తరువాత ఆయన ఏ ఇంటికీ పోలేదు. “మనం గీస్తం, వాళ్ళు కట్టుకుంటరు” అనేవాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

మా బొమ్మల్లో ఎన్నడూ ఉండనివి ఏమిటో ఒకసారి లెక్కపెట్టాను. కరెంటు స్తంభం, తీగలు, నల్లటి నీళ్ళ ట్యాంకు, దాని పైపులు, టీవీ గొడుగు, ఆరేసిన బట్టలు, గోడకు దిగిన చెమ్మ, పక్కింటి రంగు వేయని గోడ, వాకిట్లో మురుగు పారే మోరీ. తొమ్మిది. మా దగ్గర ఉన్న ఏ ఇంటికైనా ఈ తొమ్మిదిలో కనీసం ఏడు ఉంటాయి. నేను లెక్కపెట్టి ఊరుకున్నాను. ఒక్కటి కూడా బొమ్మలోకి తేలేదు.

ఎదురింటి వంటగది

కోరుట్లలో సొంతంగా పెట్టుకున్న మూడో ఏట గంగారాం అనే కిరాణా వ్యాపారికి బొమ్మ చేశాను. ఇల్లు పూర్తయ్యాక ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆయన గొంతు వినగానే ఏదో తేడా వచ్చిందని అర్థమైంది. పోయేసరికి గల్లీలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో నేనిచ్చిన బొమ్మ, మెడ పైకెత్తి ఇంటిని చూస్తున్నాడు.

“అన్నా, గీ బొమ్మ ఏడ నిలవడి తీసినవు?”

“తీసింది కాదన్నా, గీసింది.”

“అదే, ఏడ నిలవడితే ఇల్లు గిట్ల కనవడ్తది? పొద్దటిసంది ఎతుకుతున్న. గా మూలకు పోయిన, గీ మూలకొచ్చిన. ఏడికెళ్ళి చూసినా గోడ, సజ్జ తప్ప ఏం కనవడ్తలేదు.”

ఆ గల్లీ పన్నెండు అడుగులు. బొమ్మలో నా కెమెరా ఇంటి ముందు ముప్పై నాలుగు అడుగుల దూరంలో ఉంది. అంటే ఎదురింటి లోపల ఇరవై రెండు అడుగుల దగ్గర. కంప్యూటర్‌లో ఎదురిల్లు ఉండదు కాబట్టి కెమెరాను ఎక్కడైనా పెట్టవచ్చు. నేను ఆ లెక్క చెప్పాను. ఎదురింటావిడ అరుగు మీద కూర్చుని ఇదంతా వింటోంది.

“గట్లయితే మా వంటింట్లకు రా గంగారాం అన్నా! పొయ్యి పక్కపొంటి నిలవడి రోజూ చూసుకుంట పో. చాయ్ గూడ పోస్త. గోడ మాత్రం నువ్వే కూలగొట్టియ్యాలె.”

గంగారాం కూడా నవ్వేశాడు. మంచి మనిషి. ఎదురింటివాళ్ళ డాబా ఎక్కి ఒకసారి చూసుకుని, “మంచిగనే ఉన్నదిలే” అని నా భుజం తట్టి పంపించాడు.

అక్కడ నేను నేర్చుకోవలసింది ఒకటి, నేర్చుకున్నది ఇంకొకటి. మనిషి నిలబడగలిగే చోటనే కెమెరా పెట్టాలని నేర్చుకోవలసింది. గృహప్రవేశాలకు పోకూడదని నేర్చుకున్నాను. ఆ తరువాత పదకొండేళ్ళు ఏ గృహప్రవేశానికీ పోలేదు.

సిరిసిల్ల జాగ

లక్ష్మీనారాయణ, పద్మ సిరిసిల్ల నుంచి వచ్చారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. వాళ్ళకు నాలుగు సాంచెలు ఉన్నాయి. కిరాయి షెడ్డులో మూడే పట్టేవి, వాటిని లక్ష్మీనారాయణ నడిపేవాడు. నాలుగోది షెడ్డు వెనుక పరదా కప్పి ఉంది. అది పద్మది. పన్నెండేళ్ళు బీడీలు చుట్టిన పైసలతో పాత సాంచె ఒకటి దొరికితే కొనుక్కుంది. కొన్ననాటి నుంచి దానికి చోటు లేదు.

“నాలుగు సాంచెలు కింద, మేం మీద. గంతే సార్,” అన్నాడు లక్ష్మీనారాయణ. “నాలుగోది తిరిగిన్నాడు మా ఆమె బీడీలు బందు పెడ్తది. ఒట్టు పెట్టుకున్నది.”

“ఒట్టు కాదు, ఏళ్ళు నొస్తున్నయి,” అన్నది పద్మ.

జాగ నూరు గజాలు, ఇరవై అడుగుల వెడల్పు, నలభై అయిదు పొడవు. రెండు వైపులా గల్లీ ఉన్న మూల జాగ. సాంచె కొలవడానికి నేనే సిరిసిల్ల పోయాను. ఆ సమయానికి కరెంటు లేదు. సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. ఆ చప్పుడు లేనందుకు నాకు ఎంతో సంతోషమైంది. నిమ్మళంగా మూడుసార్లు కొలిచాను. ఏడున్నర అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. రాసుకుని వచ్చేశాను. అరగంట ఆగితే కరెంటు వచ్చేది. ఆగలేదు.

నా కంప్యూటర్‌లో సోఫాలు ముప్పై రకాలు ఉన్నాయి. కుక్కలు కూడా ఉన్నాయి. సాంచె లేదు. నాలుగు బూడిద రంగు డబ్బాలు గీసి వాటినే సాంచెలు అనుకున్నాను. మెట్లు, నూలు, బట్ట పెట్టుకునే గదులు పోగా సాంచెల గది లోపలి పొడవు పద్దెనిమిది అడుగులు. వెనుక మూడడుగుల సందు, ఒక వరుస సాంచెలు, నడిపే మనిషికి మధ్యలో మూడడుగుల దారి, ఇంకో వరుస, మళ్ళీ మూడడుగుల సందు. మూడు, నాలుగున్నర, మూడు, నాలుగున్నర, మూడు. మొత్తం పద్దెనిమిది. అంగుళం అటూ ఇటూ లేదు. ఆ లెక్క చూసుకుని మురిసిపోయాను.

మొదటి బొమ్మలో మూలకు పిల్లరు ఉంది. లక్ష్మీనారాయణ చూసి మర్యాదగా “మంచిగున్నది” అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. వారం తరువాత రెండో బొమ్మ చూపించాను. పై గది మూల మొత్తం అద్దం. రెండు గల్లీల వైపూ అద్దమే, మధ్యలో పిల్లరు లేదు, మూల గాలిలో తేలుతున్నట్టుంది. ఆయన కుర్చీలోంచి లేచాడు.

“గిదే సార్! గిదే మా ఇల్లు!”

అప్పటికప్పుడు ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. సాయంత్రానికి వాళ్ళ చుట్టాలందరికీ చేరిందని తరువాత తెలిసింది.

మూలలో పిల్లరు లేకుండా చేయాలంటే దాన్ని లోపలికి జరపాలి. ముందు గోడకు రెండడుగులు, పక్క గోడకు మూడడుగులు లోపలికి జరిపాను. పై గదిలో అది తెర వెనుక దాక్కుంది. కింద సాంచెల గదిలో ఒక సాంచె వెనుకకు వచ్చింది. పిల్లర్ల లెక్కలు వేసే ఇంజినీరు ఇల్లు నిలబడుతుందన్నాడు. ఆయన పని అంతవరకే. పిల్లరు నా బూడిద డబ్బాకు తగలలేదు. మూడంగుళాల ఎడం ఉంది. మూడంగుళాలు చాలనుకున్నాను.

పునాది వేసేటప్పుడు, ఆ ఇల్లు కడుతున్న రాజయ్య మేస్త్రీ ఫోన్ చేశాడు.

“సార్, గీ పిల్లరు ఏందో నడిమిట్లకొచ్చింది. మూలకు ఏస్తె కాదా? పని చేసుకునే అర్ర ఇది.”

“బొమ్మల ఎట్లున్నదో అట్లనే రావాలె మేస్త్రీ.”

“బొమ్మదేమున్నది సార్. సాంచెలు పడుతయా అని.”

“పడుతయి. కొలిచే గీసిన.”

 మేస్త్రీ పక్కన ఉన్న లక్ష్మీనారాయణ గొంతు వినిపించింది. ఫోన్‌లో బొమ్మ తీసి చూపిస్తున్నాడు. “ఇగో, గిట్ల రావాలె మేస్త్రీ, ఇగో చూడు.” ఫోన్ పెట్టేశారు. ఫోన్ చేతిలో ఉండగానే నాకూ సందేహం కలిగింది. ఒక గంట ప్రయాణం చేస్తే తీరిపోయేది. అప్పుడు నా బల్ల మీద ఇంకో బొమ్మ ఉంది.

సాంచెలు దించిన రోజు

వాళ్ళు ఎంతో పిలిచారని ఈ ఒక్క గృహప్రవేశానికి పోయాను. ఇల్లు నిజంగా బొమ్మలాగే వచ్చింది. గల్లీ మలుపు నుంచి చూస్తే ఆ అద్దం మూల తళతళలాడుతోంది. నాకు గర్వంగా అనిపించింది. సాంచెలు ట్రాలీలో వచ్చాయి. మూడు దించి బిగించారు. నాలుగోది లోపలికి తెచ్చి పిల్లరు ముందు పెట్టారు. సరిగ్గా మూడంగుళాల ఎడం. నేను టేపు తీసి చూపించాను.

పద్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పసుపు, కుంకుమ పళ్ళెం చేతిలో ఉంది.

“బీము ఎటుకెళ్ళి తెస్తరు?” అన్నది.

దించినవాళ్ళు సాంచె వెనుకకు వంగి చూశారు.

బీము అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద ఇనుప రోలు. అయిదడుగుల పొడవు. రెండు కొసలకూ రెండడుగుల వెడల్పు బిళ్ళలు. అది సాంచె వెనుక కూర్చుంటుంది. నూలు అయిపోగానే ఖాళీ బీము తీసి, ఇద్దరు మనుషులు నిండు బీమును మోసుకొచ్చి వెనుక నుంచే ఎక్కించాలి. దానికోసమే వెనుక మూడడుగుల సందు. ఆ సందు నడుమ ఇప్పుడు పిల్లరు ఉంది. పిల్లరుకు అవతల రెండడుగులు, ఇవతల మూడంగుళాలు.

“సాంచెను ముందుకు జరుపుదాం,” అన్నాను.

రెండడుగుల బీము దూరాలంటే సాంచె అడుగు తొమ్మిదంగుళాలు ముందుకు రావాలి. అప్పుడు నడిపే మనిషికి మిగిలేది అడుగు మూడంగుళాల దారి. లెక్క నోట్లోంచి వచ్చేలోపే లక్ష్మీనారాయణ ఆ సందులో పక్కకు తిరిగి నిలబడి చూశాడు. పొట్ట ఒక సాంచెకు, వీపు ఇంకోదానికి తగిలాయి.

“తిప్పి పెడితే?” అన్నాను.

“తిప్పితె దాని ముఖం గోడకైతది సార్. పోగు తెగితె ఎవ్వలు చూస్తరు? నడిమిట్ల నిలవడి నాలుగూ చూడాలె,” అన్నది పద్మ.

“పిల్లరు చెక్కిచ్చేద్దామా?” లక్ష్మీనారాయణ మేస్త్రీని అడిగాడు.

రాజయ్య మేస్త్రీ పై కప్పు వైపు చూశాడు. “చెక్కితె మీ అద్దం అర్ర కిందికొస్తది లచ్చిమినారాయణ. అండ్ల కూసుండి నెయ్యాలె ఇగ.”

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. నా వైపు చూసి, నేను ఫోన్‌లో అన్న మాట గుర్తు చేస్తాడేమో అనుకున్నాను. చేయలేదు. పద్మ పళ్ళెం తీసుకుని మిగతా మూడు సాంచెలకు బొట్లు పెట్టింది. నాలుగోదాని దగ్గర ఆగి, దానికి కూడా పెట్టింది. ఆ తరువాత దించినవాళ్ళే అందరూ కలిసి దాన్ని బయటికి మోశారు.

పనిలోకి వచ్చేవాళ్ళకు

నేను లెక్క తప్పలేదు. ఇప్పటికీ ఆ పద్దెనిమిది అడుగులు పద్దెనిమిదే. ఆగిన సాంచెను కొలిచాను, తిరిగే సాంచెను కొలవలేదు, అంతే. లెక్క సరిగ్గా రావడమే నా ధైర్యం. ఆ ధైర్యంతోనే ఒక మేస్త్రీ అనుమానాన్ని కొట్టేశాను. లెక్క రానివాడు అయితే భయపడి ఒకసారి పోయి చూసి వచ్చేవాడు.

ఏ ఇల్లైనా గీసే ముందు అక్కడ ఏ పని జరుగుతుందో ఆ పని జరుగుతుండగా చూడండి. బియ్యం బస్తా ఎక్కడ దించుతారో, ముసలామె ఏ గోడ పట్టుకుని లేస్తుందో, బండి ఎటు తిప్పుతారో చూడండి. బొమ్మ చివర చేయండి. ముందే చూపిస్తే ఇంటివాళ్ళు బొమ్మ వైపు వెళ్ళిపోతారు. అప్పుడు మేస్త్రీ మాట వినరు, తమ మాట తాము కూడా వినరు. వాళ్ళను ఆ వైపు నడిపించింది మనమేనని మరిచిపోకండి. మబ్బు పెట్టడం తప్పు కాదు. కానీ నీళ్ళ ట్యాంకు కూడా పెట్టండి. గిరాకీ తగ్గుతుంది. నాకు తగ్గలేదు, ఎందుకంటే నేను పెట్టలేదు.

తప్పు జరిగిన ఇంటికి వెంటనే తిరిగి పోండి. నేను రెండేళ్ళు పోలేదు. బొమ్మలు చేస్తూనే ఉన్నాను, కానీ ప్రతి గదిలోనూ ఏదో ఒకటి లోపలికి రాకుండా ఆగిపోతున్నట్టు అనిపించేది. చివరికి ఒకరోజు సిరిసిల్ల బస్సు ఎక్కాను.

కింద మూడు సాంచెలు నడుస్తున్నాయి. లక్ష్మీనారాయణ చేతితో పైకి పొమ్మని సైగ చేశాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. పైన అద్దాల మూలలో పద్మ కూర్చుని ఉంది. ఒడిలో చాట, అందులో తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించడం ఆపకుండానే, “రాండ్రి సార్, కూసోండి” అన్నది.

నాలుగో సాంచె ఏమైందని అడిగాను.

“ఎండకు, వానకు ఉన్నది కొన్నాళ్ళు. జంగు పట్టింది. పోయిన ఎండాకాలం పాత ఇనుము కింద తూకానికి ఇచ్చినం.”

“తప్పు నాదమ్మా.”

ఆమె ఒక బీడీ చుట్టి, కొస మలిచి, దారం కట్టింది. 

“మీరొక్కరే ఏం చేసిండ్రు సార్. మా ఆయినె గా బొమ్మ చూసినంక భూమ్మీద లేడు. గని ఒక్క మాట. నేను పుట్టినకాణ్ణుంచి సాంచెల నడుమ ఉన్న. బీము ఎటుకెళ్ళి వస్తదని నన్ను ఒక్కపారి అడిగితె అయిపోతుండె. మీ దుకాణంల మూడుసార్లు కూసున్నగద.”

అవును. మూడుసార్లూ ఆమె లక్ష్మీనారాయణ పక్క కుర్చీలోనే కూర్చుంది. ఆ మూడుసార్లలో నేను ఆమెను అడిగింది ఒక్కటే, వంటింటి గోడకు ఏ రంగు కావాలని. లేత ఆకుపచ్చ అన్నది. వేశాను. కూర్చున్నచోటి నుంచి ఆ వంటిల్లు కనబడుతోంది. రంగు బొమ్మలో ఉన్నట్టే వచ్చింది.